పక్కింటి మూడో అంతస్తు

"నిన్నెవరు పిలిచారయ్యా ఇక్కడికి?"

నిచ్చెన మీదనుంచే కసిరాడు ఒత్తావియో.

కింద ఒక ముసలాయన చంకలో రంగుల పెట్టెతో నిలబడి ఉన్నాడు. పేరు గండోల్ఫో అట. పొద్దుటి రైలుకి దిగాడట.

కమోలీ అనే ఈ రేవు ఊళ్లో కిటికీ లేనిచోట గోడమీద కిటికీ గీయించుకోవడం వాడుక. ముప్ఫై ఏళ్లుగా ఆ పని ఒత్తావియోదే. మరొకడు కుంచె పట్టుకుని ఊళ్లో అడుగుపెడితే అతను ఓర్చుకోలేడు.

"ఎర్సీలియమ్మగారి ఇంటి గోడ ఒకటి ఖాళీగా ఉందని విన్నాను బాబూ. చివరగా ఒక్కటి గీసి పోదామని వచ్చాను" అన్నాడు ముసలాయన.

అంతలో ఎర్సీలియమ్మే బయటికి తొంగిచూసింది.

"ఒత్తావియో, మొన్న నువ్వు వేసిన కిటికీ బాగానే ఉందిగానీ, గీసినట్టే ఉందయ్యా. ఈ పెద్దాయన పనితనం కూడా చూద్దామా?"

ఒత్తావియోకి ఒళ్లు మండింది. ఇన్నేళ్ల చాకిరీకి ఈవిడిచ్చే మర్యాద ఇదా అనుకుంటూ గబగబా దిగొచ్చాడు.

"ఈ ఊళ్లో నువ్వు గీసిన కిటికీ ఒక్కటి చూపించు. ఇప్పుడే తప్పుకుంటాను."

"ఒకటుంది బాబూ. కుర్రతనంలో వేశాను. రోజూ దాని ముందునుంచే పోతుంటావు."

"కోతలు కొయ్యకు. ఊళ్లో బొమ్మ కిటికీలు పంతొమ్మిది. ఏది ఎవడు గీశాడో, ఎవడి నీడ ఎటు తప్పిందో నిద్రలో లేపినా చెప్తాను. నీదంటూ ఒక్కటీ లేదు."

ముసలాయన అతని ముఖంలోకి చూశాడు. ఎందుకో సంతోషంగా నవ్వాడు.

"నీ అంతటివాడికే తెలియలేదంటే చాలు. నేను వెళ్తాను."

"చూశారా అమ్మగారూ? గట్టిగా అడిగేసరికి తోక ముడిచాడు."

మధ్యాహ్నం రైలుకి ముసలాయన వెళ్లిపోయాడు. గోడ ఒత్తావియోకే దక్కింది.

మర్నాడు పరంజా కట్టబోతే పక్కింటి మూడో అంతస్తు కిటికీ అడ్డొచ్చేలా ఉంది. ఆ కిటికీ పచ్చ తలుపు కింది రెక్క బయటికి ఎత్తిపెట్టి ఉంది. పరంజా లేపేముందు పొరుగువాళ్లను అడిగి రెక్కలు దింపించడం అక్కడి మర్యాద.

మూడుసార్లు కేకేశాడు. ఎవరూ పలకలేదు. మిలాన్ నుంచి వేసవికి దిగేవాళ్ల ఇల్లది.

"ఈ మిలాన్ వాళ్లకు ఎంత పొగరో" అని గొణుక్కుంటూ తనే నిచ్చెనెక్కాడు.

రెక్క దించబోయిన చెయ్యి చదునైన గోడకు తగిలింది.

తలుపు మూల, చీమ తలకాయంత అక్షరాల్లో, నిన్న తను ఊళ్లోంచి తరిమేసిన మనిషి పేరుంది.