నిద్రపోయే పెట్టెలు

“లేవండి. అది కబుర్లకు కూర్చునే కుర్చీ కాదు, పనిచేసే కుర్చీ.”

పెద్దాయన లేచాడు. కుర్చీని చేత్తో దులిపి మరీ ఇంజనీరు వైపు జరిపాడు.

ఇంజనీరు థాంక్స్ కూడా చెప్పలేదు. బ్లడ్‌బ్యాంకు నెట్‌వర్కు గదిలో అడుగుపెట్టి అరగంట కాలేదు, అప్పుడే గది మొత్తం తనదైపోయింది.

పని వింటే చిన్నదే. ఫైర్‌వాల్ అంటే గుమ్మం దగ్గర కాపలా. ఏ అడ్రసు ఏ యంత్రానిదో ముందే ముడివేసి దానికి చెప్పాలి. ముడి లేని యంత్రం ఎంత మొత్తుకున్నా లోపలికి రానివ్వదు.

ఇన్నాళ్లూ ఆ ముడులు ఒక్కొక్కటే చేత్తో వేశారు. ఇంజనీరు రాసుకొచ్చిన చిన్న ప్రోగ్రాం, స్క్రిప్టు, మూడు నిమిషాల్లో అన్నీ వేసేస్తుంది.

డైరెక్టర్ మేడం మాత్రం ఒక్కటే మాట చెప్పింది.

“పదకొండింటికి పరీక్ష. గంటలో ఒక్క యంత్రం ఊడినా మీ దారి మీది. పాత పద్ధతే సాగిస్తాం. ఊడకపోతే చేత్తో ముడులు వేసే పని ఈ రోజుతో ఆఖరు.”

ముడులు వెయ్యకుండా, లెక్క వరకు ఇంజనీరు ఒకసారి మీట నొక్కి చూసుకున్నాడు. మూడువందల నలభై యంత్రాలు అంది తెర.

“బాబూ, ఈ లెక్క ఎలా వచ్చింది?” పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నాడు.

“నొక్కినప్పుడు ఎవరెవరు మాట్లాడుతున్నారో చూసి అదే రాసుకుంటుంది.”

“మాట్లాడనివాళ్లో?”

“మాట్లాడకపోతే లేనట్టే.”

“లేనట్టు కాదు బాబూ, పడుకున్నట్టు.”

ఇంజనీరు తల తిప్పి చూశాడు.

“రక్తం దాచే ఫ్రిజ్‌లకు చల్లదనం కొలిచే పెట్టెలున్నాయి. పదకొండు. అరగంటకోసారి లేచి ఒక అంకె చెప్పి మళ్లీ పడుకుంటాయి. మీ లెక్కప్పుడు పడుకునుంటే వాటికి ముడి పడదు. లేచి వచ్చేసరికి గుమ్మం మూసేసి ఉంటుంది. పోయినసారి వచ్చినవాళ్లు అక్కడే బోర్లాపడ్డారు.”

“ఇంతకీ మీదేం పని ఇక్కడ? కరెంటా? పంపులా?”

“అదీ ఇదీ చూస్తుంటానండి.”

“అయితే వెళ్లి అదీ ఇదీ చూసుకోండి. పంపులు బిగించేవాళ్లు కూడా నాకు నెట్‌వర్కు పాఠాలు చెప్తే ఇక నేను చదివిన చదువెందుకు?”

గుమ్మంలో నిలబడ్డ ఇద్దరు నవ్వారు. ట్రే పట్టుకుని వెళ్తున్న ల్యాబ్ టెక్నీషియన్ మాత్రం నవ్వలేదు. పళ్లు బిగించి చూసింది.

నవ్వు దొరికితే నోరు ఆగదు. ఇంజనీరుదీ ఆగలేదు.

“చూడండి పెద్దాయనా, ఇప్పటికే రెండు చోట్ల దెబ్బతిన్నాను. ఇది కూడా పోతే నా ఉద్యోగం పోతుంది. ఇంట్లో పసిపిల్ల ఉంది. మీ కాలక్షేపానికి నేనే దొరికానా? తప్పుకోండి.”

“అలాగా బాబూ,” అన్నాడు పెద్దాయన.

పక్కకు తప్పుకున్నాడు.

పదకొండుకు ఐదు నిమిషాలున్నాయనగా మేడం, వెనక నలుగురు అధికారులు వచ్చారు. ఇంజనీరు ఎదురెళ్లాడు. సరిగ్గా అప్పుడే పెద్దాయన వాళ్ల మధ్యలోంచి మెట్ల వైపు పరుగెత్తాడు. చొక్కా చెమటకు వీపుకి అంటుకుపోయింది.

“ఏయ్ పెద్దాయనా! పెద్దవాళ్లు వస్తుంటే ఈ పరుగులేంటి? బుద్ధుందా?”

జవాబు చెప్పడానికి ఆయనకు ఊపిరి అందలేదు. చెయ్యి ఒకటి ఎత్తి, క్షమించమన్నట్టు ఊపి, పై అంతస్తుకు ఎక్కేశాడు.

పదకొండయింది. ఇంజనీరు నొక్కాడు.

ముడులు పడుతున్నాయి. నూరు. రెండువందలు. మూడువందల నలభై.

అక్కడ ఆగలేదు.

మూడువందల యాభై ఒకటి.

ఇంజనీరు తెర మీదికి వంగాడు. పదకొండు ఎక్కువ.

గంట గడిచింది. ఫ్రిజ్‌ల పెట్టెలు రెండుసార్లు లేచి అంకెలు చెప్పాయి. గుమ్మం దగ్గర ఒక్కదాన్నీ ఆపలేదు.

“ఆ పదకొండూ ఎలా దొరికాయి?” మేడం ముచ్చటపడింది. “పోయినసారి వాళ్లకు దొరకలేదే!”

నిజం చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఒక్క ఊపిరీ అతను దాచుకున్నాడు.

“మా స్క్రిప్టు నుంచి ఏదీ తప్పించుకోదు మేడం.”

చప్పట్లు కొట్టారు. కొట్టినంతసేపూ ఇంజనీరు తన బూట్లనే చూసుకున్నాడు.

జనం కదలగానే వరండాలన్నీ వెతికాడు. ల్యాబ్ గది దగ్గర టెక్నీషియన్ ఎదురుపడింది.

“ఆ పెద్దాయన ఎక్కడమ్మా?”

“ఇప్పుడు గుర్తొచ్చాడా సార్?”

“పెట్టెల్ని ఆయనే లేపాడు కదూ?”

“మరి మీ స్క్రిప్టు లేపిందా? ఒక్కోదాని మీద బటన్ నొక్కాలి. నొక్కితే పది నిమిషాలే మేలుకునుంటాయి. మూడంతస్తులు, పదకొండు ఫ్రిజ్‌లు. అంత మాటన్నవాడికి మనమెందుకు చెయ్యాలి బాబాయ్ అని నేను మొత్తుకున్నాను. ‘పసిపిల్ల ఉందటమ్మా’ అన్నాడు. అంతే.”

ఇంజనీరు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడ వైపు తిరిగాడు.

“మేడంకి నిజం చెప్పేస్తాను.”

“చెప్పండి. చెప్తే మాత్రం వేసిన ముడులు విప్పుకుంటారా?”

అతనికి ఆ మాట అర్థం కాలేదు. తన తప్పు ఆయన్ని కుర్చీలోంచి లేపడం, నలుగురిలో నవ్వులపాలు చేయడం, ఆయన కష్టం తనదని చెప్పుకోవడం. అంతవరకే అనుకుంటున్నాడు.

“రేపు పొద్దున్నే వచ్చి ఆయన కాళ్లు పట్టుకుంటాను. ఏ షిఫ్టులో ఉంటాడు?”

ఆమె ట్రే కింద పెట్టింది.

“రేపెందుకొస్తాడు సార్? పద్దెనిమిదేళ్లుగా ఈ భవనంలో ఒక్కో ముడీ చేత్తో వేసింది ఆయనే.”