మామయ్య పెట్టిన గుర్తు

మామయ్య పోయి ఏడాది దాటినా, ఆయన టైపు చేసిన కథలన్నీ మేనకోడలి కంప్యూటరులోనే ఉన్నాయి. చూపులేని పిల్లల కోసం మిషను పైకి చదివి వినిపించే కథలవి. మామయ్య ముచ్చటపడి మధ్యమధ్యలో ‘గొంతుసవరింపు’ అని సొంత గుర్తొకటి పెట్టేవాడు. పాత మిషనుకు అది తెలుసు. కొత్తది మాత్రం దాన్ని చూడగానే మొరాయించి కూర్చుంది.

“తీసిపారేయమ్మా, పొద్దున్నే పంపాలి,” అని ఆ కథలు తీసుకునే ఆఫీసాయన ఫోనులో విసుక్కున్నాడు.

“మామయ్య చేత్తో పెట్టింది నేనెలా చెరపనండీ? తెలియని గుర్తొస్తే ఆగిపోకుండా రెండు సెకన్లు ఊరుకోమని, మిషను ఎలా చదవాలో చెప్పే స్టైల్ షీటులో రాస్తాను,” అందామె.

ఆ కిటుకూ మామయ్య నేర్పిందే. “తెలియనివాడు వస్తే ముఖం మీద తలుపేస్తామా, పిచ్చిపిల్లా? కాసేపు కూర్చోబెట్టాలి,” అని నవ్వేవాడు. ఎంత చల్లని రోజులో అవి!

రాత్రి ఒక్కతే కూర్చుని కథ పెట్టుకుని వింది. గుర్తు దగ్గర మిషను ఊరుకుంది. ఆ రెండు సెకన్లలో ఎవరో గొంతు సవరించుకున్నారు, అచ్చం మామయ్యలాగే, సన్నగా, రెండుసార్లు.

ఫైలంతా వెతికింది. అక్కడ ఏ శబ్దమూ లేదు, ఒట్టి ఖాళీ. భయం కన్నా ముందు కళ్లలో నీళ్లు తిరిగాయి. స్టైల్ షీటులో రెండు తుడిచేసి అరవై అని రాసి, కథ మళ్లీ పెట్టింది.

గొంతు సవరించుకున్నాడు. “చిట్టీ,” అన్నాడు, స్పీకరులోంచి కాదు, వెనక గదిలోంచి.

“మామయ్యా?”

ఆ గదిలో కుర్చీ జరిగింది. అడుగులు మెల్లగా గుమ్మం దాకా వచ్చాయి. ఆపే మీట మీదికి వెళ్లిన వేలు నొక్కలేకపోయింది. తెర మీద ఇంకా నలభై సెకన్లు మిగిలున్నాయి.