పేరు పెట్టని పని

"పేరు పెట్టనిదాన్ని పిలిచేదెట్లా అమ్మా?" అన్నాడు తాత.

తరగతి గొల్లుమంది.

సాయంత్రాలు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్పే గది అది. అంతా కుర్రకారు. చివరి బెంచీలో మాత్రం ఇద్దరు పెద్దవాళ్ళు. ఒకరు ఫ్యాక్టరీ స్టోర్లో గుమస్తా. రెండోవాడు ఎక్కణ్ణుంచి వచ్చాడో ఎవరికీ తెలియని ముసలాయన. క్లాసులో ఆయనకు డౌట్ల తాత అని పేరు పడిపోయింది.

గుమస్తాకిది చదువు కాదు, బతుకు. స్టోరంతా కంప్యూటర్లోకి మారుతోంది. పరీక్ష పాసైనవాడికే కుర్చీ, కానివాడు ఇంటికి, అని మేనేజరు తేల్చేశాడు. యాభై దాటినవాణ్ణి మరో గేటు లోపలికి రానివ్వదు.

పంతులమ్మ నవ్వలేదు. "ఫంక్షన్ అంటే ఒక పని, తాతగారూ. మళ్ళీ మళ్ళీ పిలుస్తామనుకుంటే పేరు పెట్టుకుంటాం. ఒక్కచోటే అవసరమైతే పేరెందుకు? అక్కడికక్కడే రాసి ఇంకో ఫంక్షన్ చేతిలో పెడతాం. పని చేసి పోతుంది."

గుమస్తా బుర్రలో ముడి ఒకటి వీడింది. తనంతట తానే విప్పుకున్నాననుకున్నాడు.

"చేతిలో పెట్టడమంటే?" తాత మళ్ళీ అందుకున్నాడు.

ఆమె బోర్డు మీద సంచుల బొమ్మలు వేసింది. సంచులన్నిటినీ వరసగా తెచ్చేది ఒక ఫంక్షన్. తెచ్చిన ప్రతి సంచినీ ఏం చెయ్యాలో చెప్పేది దాని చేతిలో పెట్టిన పేరులేని ఫంక్షన్. తూకం వెయ్యమంటే వేస్తుంది, ముద్ర కొట్టమంటే కొడుతుంది. స్టోర్లో పుట్టి పెరిగినట్టున్న గుమస్తాకు అది ఇట్టే ఎక్కింది.

అయినా ఒళ్ళు మండింది. పరీక్ష ముంచుకొస్తోంది, పుస్తకం సగం కూడా కాలేదు. తాత అడగడం, ఆమె మొదటికి రావడం. గానుగెద్దు నడక.

మెట్ల దగ్గర తాతను నిలేశాడు.

"కాటికి కాళ్ళు చాపుకుని ఈ చదువెందుకయ్యా నీకు? నువ్వేమన్నా ఉద్యోగం చెయ్యాలా, ఊళ్ళేలాలా? నీ డౌట్లతో మా నోట మట్టి కొట్టకు."

తాత కోప్పడలేదు. "ఇవాళ్టి పాఠం నీకు అర్థమైందా నాయనా?"

"నాకెప్పుడో అర్థమైంది. అర్థం కానిది నీకు."

"అయితే మంచిదే" అన్నాడు తాత. రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ తరవాతా రాలేదు.

పీడ విరగడైందనుకున్నాడు గుమస్తా. పాఠం ఇప్పుడు రైలులా పోతోంది. కాకపోతే అతను ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాడు. ఎవరికైనా సందేహమా అని ఆమె రోజూ అడిగేది. అడుగుతూ చివరి బెంచీ వైపు చూసేది. అతను తల వంచుకునేవాడు. కొడుకులీడు కుర్రాళ్ళ ముందు తెలియదని చెప్పడం కంటే చావు నయం.

పరీక్షలో తాత ఉండగా చెప్పినవన్నీ రాశాడు. ఆ తరవాతి పాఠాల దగ్గర కాగితం తెల్లగా మిగిలింది.

ఫ్యాక్టరీ వాళ్ళు కుర్చీ తీసేశారు. వచ్చే పరీక్ష గట్టెక్కితే చూద్దామన్నాడు మేనేజరు, చూడనివాడి గొంతుతో.

గుమస్తా మళ్ళీ ఆ గదికే వెళ్ళాడు. పంతులమ్మ ఒక్కతే ఉంది. కొత్త బ్యాచ్‌లో చేరతానన్నాడు. గడప దాటబోయి, గొంతు సవరించుకున్నాడు.

"ఆ డౌట్ల తాత... ఆయన కూడా వస్తారా అమ్మా? ఉంటే నా పక్కన కూర్చోబెట్టండి."

ఆమె డస్టర్ బల్ల మీద పెట్టింది.

"పోయిన నెల పోయారండీ."

గుమస్తా గడప దగ్గర్నుంచి వెనక్కి వచ్చాడు. అయ్యో ఫలానావారు పోయారా అందామంటే ఆయన పేరు తెలియదు. ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని అడగలేదు. ఇప్పుడెలా పిలిచినా పలికేది లేదు.

"ఆ వేళ మెట్లు దిగి ఇంటికొచ్చి, 'ఆ గుమస్తాగారికి అర్థమైందటమ్మా, ఇక నాతో పని లేదు' అన్నారు."

"మీ ఇంటికా?"

"వెనక బెంచీలో ఒకాయన అడగలేక నలిగిపోతున్నారని నేను చెబితే, నాకీ విద్య నేర్పిన మా నాన్న మీ నోరై వచ్చి కూర్చున్నారండీ."