కొండ మీద పిలుపు

"ఈ పళ్లూడిన నోరు చూడ్డానికా నన్ను ఇంత కొండ ఎక్కించావు?" అన్నాడు యెస్టిన్ ఆయాసపడుతూ.

మైనిర్ నవ్వింది. కొండ నెత్తిన గడ్డిలో రాళ్లు గుండ్రంగా నిలబడి ఉన్నాయి. చాలావాటికి మోకాలెత్తు కూడా లేదు. కొన్ని ఒరిగిపోయాయి.

"అవి నాలుగు వేల ఏళ్లనాటివి. నీకు నలభైకే ఊడుతున్నాయి, ముందు అది చూసుకో."

అంతలో లోయలోంచి పొగమంచు లేచింది. ఎండ చప్పున ఆరిపోయింది. చూస్తుండగానే గొర్రెలు మాయమయ్యాయి. తర్వాత కంచె, ఆ తర్వాత వాళ్లు వచ్చిన దారి.

"నువ్విక్కడే కూర్చో. దారి ఎటుందో చూసొస్తాను."

"ఇద్దరం వెళ్దాం, యెస్టిన్."

"ఇద్దరం తప్పిపోతే ఎవర్ని ఎవరు వెతుకుతారు? ఈ రాళ్లు దాటి కదలకు."

అతను వెళ్లాడు. కాసేపు అతని దగ్గు వినిపించింది. తర్వాత ఎక్కడో దూరంగా ఒక కేక. ఆ తర్వాత ఏమీ లేదు.

మైనిర్ గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది. ఫోనులో సిగ్నల్ లేదు. రాళ్లు ఒక్కోటి ఒక్కో మనిషిలా, వంగి తనవైపే చూస్తున్నట్టు అనిపించింది. వాటికి వీపు ఆనించడానికి కూడా భయమేసింది.

చాలాసేపటికి గడ్డిలో కర్ర చప్పుడయింది.

"అమ్మాయ్, ఇక్కడే ఉన్నావా?"

రెండు రాళ్ల మధ్య నుంచి ఒక ముసలామె వచ్చింది. పొడుగాటి మనిషి. మగవాళ్ల కోటు, రబ్బరు బూట్లు, మొహానికి అంటుకుపోయిన తడి జుట్టు. తల కాస్త పక్కకు వంచి, కదలకుండా నిలబడింది.

"ఎవరు మీరు?" అంది మైనిర్.

ఆ మాటతో ఆమె తిన్నగా నడిచి వచ్చేసింది.

"నెస్టా అంటారులే. నీ మొగుణ్ణి కిందికి చేర్చేశాను. ఇక నువ్వే మిగిలావు. రా."

"యెస్టిన్ ఏడీ?"

"మా ఇంట్లో కూలబడ్డాడు. నువ్వు నమ్మవేమోనని ఇది ఇచ్చి పంపాడు."

కోటు జేబులోంచి యెస్టిన్ మఫ్లరు తీసి చాచింది. దాని కొస నిండా రక్తం.

మైనిర్ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏం, పలకవేం? మంచు దిగితే ఈ కొండ మంచిది కాదమ్మా. పోయినేడు ఇద్దరు ఇక్కడే పోయారు."

ముసలామె వేళ్లు మైనిర్ భుజం మీద పడ్డాయి. అక్కడ్నించి చెయ్యంతా తడుముతూ దిగి, మణికట్టును గట్టిగా పట్టుకున్నాయి.

మైనిర్ ఒక్క గుంజు గుంజి విడిపించుకుంది. రాళ్లు దాటి, కాళ్లు ఎటు తీసుకెళ్తే అటు పరుగెత్తింది.

"పరిగెత్తకు తల్లీ! అటు క్వారీ ఉంది!"

కాలికి గోడ తగిలింది. ఎప్పుడో పాడుబడ్డ గొర్రెల దొడ్డి. మైనిర్ దాని వెనక నక్కి, రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఉన్నచోటే ఉండి ఒక్క మాట పలుకు. నేను వస్తాను."

అందుకేగా పలకమంటోంది, వచ్చి పట్టుకోవడానికే, అనుకుంది మైనిర్.

బూట్ల చప్పుడు దగ్గరకొచ్చి ఆగింది. గాలి విసిరి మంచు కాస్త పలచబడింది. గోడకు అవతల, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నెస్టా నిలబడి ఉంది. ఆమె మొహం సరిగ్గా మైనిర్ వైపే తిరిగి ఉంది. కళ్లూ కళ్లూ కలిశాయి.

మైనిర్ ఊపిరి బిగబట్టింది. ఇక అయిపోయింది అనుకుంది.

నెస్టా అలాగే చూసి, చూసి, "పలకమ్మా," అంది మెల్లగా. ఆ తర్వాత మైనిర్‌ను దాటుకుని ముందుకు వెళ్లిపోయింది.

పిలుపు దూరమైంది. ఇంకోసారి వినిపించింది. ఉన్నట్టుండి రాళ్లు దొర్లిన చప్పుడు. ఆపైన పిలుపు లేదు.

హమ్మయ్య అనుకుంది మైనిర్.

మంచు విడిపోయాక, దొడ్డి నుంచి లోయలోకి సాగిన గోడ పట్టుకునే కిందికి దిగింది. గోడ ఒక రైతు ఇంటి వాకిట్లో ఆగింది. గుమ్మంలో, తలకు కట్టుతో, చేతిలో టీ కప్పుతో యెస్టిన్.

మైనిర్ పరుగున వెళ్లి అతన్ని పట్టుకుంది.

"బండ మీద జారి పడ్డాను," అన్నాడతను. "కేకలేస్తుంటే ఆ నెస్టా వచ్చింది. చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాణ్ణి దించినట్టు దించింది. టీ అయినా తాగకుండా నీకోసం మళ్లీ ఎక్కింది. ఆమె ఏదీ?"

లోపల్నించి ఒక ముసలాయన వచ్చాడు. నెస్టా తమ్ముడు గ్విలిమ్.

"అక్క నీతో రాలేదా?"

మైనిర్ క్వారీ వైపు చూపించింది.

"అక్క దారి వదిలి పక్కకు అడుగు వెయ్యదే," అని గొణుక్కుంటూనే అతను తాడు భుజాన వేసుకున్నాడు.

పొద్దు వాలేవేళకి పక్క పొలాలవాళ్లతో కలిసి నెస్టాను ఒక తలుపు మీద మోసుకొచ్చారు. మొహం మీద కోటు కప్పి ఉంది.

మైనిర్ గ్విలిమ్ కాళ్ల దగ్గర కూలిపోయింది.

"భయపడి గోడ వెనక దాక్కున్నాను. కానీ ఆమె నన్ను చూసింది. ఎదురుగా నిలబడి నా కళ్లల్లోకి చూసింది. చూసి కూడా ఎందుకు వెళ్లిపోయింది?"

గ్విలిమ్ అక్క జుట్టులో చిక్కుకున్న గడ్డిపోచలు ఒక్కొక్కటే తీశాడు.

"మా అక్కకు పదేళ్లుగా చూపు లేదమ్మా," అన్నాడు, "ఎవరైనా పలికితేనే వాళ్ల దగ్గరికి వెళ్లగలదు."