పౌరసత్వానికో పెసరట్టు

చంద్రుడి మీద కాపురం పెట్టినవాళ్ళు తాము భారతీయులమేనని ఏటా యంత్రం ముందు రుజువు చేసుకోవాలి. ఆ పరీక్ష కోసం జాతీయగీతం, నదుల పేర్లు వల్లె వేయించి వకుళమ్మ ప్రాణం తీశాడు భర్త ధర్మారావు.

తీరా గదిలోకి వెళ్తే, యంత్రం నదుల ఊసే ఎత్తలేదు. పొగలు కక్కే పెసరట్టు ముందుకు తోసింది.

"తినండమ్మా."

పొద్దుట్నుంచీ క్యూలో నిలబడ్డ వకుళమ్మ కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. అయినా నోరు ఊరుకుంటుందా?

"అయ్యో, వద్దు బాబూ! ఇప్పుడే తినొచ్చాను."

"అబద్ధం," అంది యంత్రం. ఎర్రదీపం వెలిగింది. పౌరసత్వం పోయినట్టే!

"పోనీ, సగం తినండి," అంది యంత్రం మళ్ళీ.

"నిజంగా వద్దయ్యా."

"తినకపోతే నా మీద ఒట్టే!"

"ఇంతగా అంటున్నావు కాబట్టి, ఒక్క ముక్క," అంటూ ఆమె అట్టంతా లాగించేసింది.

పచ్చదీపం వెలిగింది. "నిఖార్సైన భారతీయురాలు. వెళ్ళిరండమ్మా."

తర్వాత ధర్మారావు వెళ్ళాడు. వెళ్ళినంత వేగంగానే బయటికొచ్చి, విదేశీయుల వరసలో నిలబడ్డాడు. మీసానికి అల్లం పచ్చడి.

"ఏం చేశారండీ?"

"ఏం చేస్తాను? తినమంది, తిన్నాను!"

వకుళమ్మ నెత్తి కొట్టుకుంది. "అడగ్గానేనా!"