ఊపిరి గొట్టం

చెల్లెలు నీళ్ళలో మునిగినప్పుడు ఊపిరి పీల్చుకునే రెగ్యులేటర్‌ని అక్క మంచినీళ్ళ టబ్బులో ముంచి, ఉప్పు వదిలేలా మెల్లగా ఆడిస్తోంది.

ముందున్న బొత్తాం మాత్రం నొక్కకూడదు. నొక్కితే నీళ్ళు లోపలికి పోతాయి. సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ చెల్లెలు చెప్పే మాట అది.

గేటు చప్పుడైంది.

ఎవరో బట్టతలాయన. ఎండకి కమిలిన చేతులు, భుజాన సంచి.

"సముద్రంలో దిగే అమ్మాయి ఉండేది ఇక్కడేనా అమ్మా?"

"మీరెవరు?"

"పోయిన వారం జెట్టీ దగ్గర చూశాను. దవడ పట్టుకుని పైకొచ్చింది. ఆ పిల్లకి రెగ్యులేటర్ కుదరలేదు. సరిచేసి పోదామని వచ్చాను."

అక్క టబ్బును తన వైపు లాక్కుంది. దవడ దాకా చూశాడంటే ఇంకెంత చూశాడో!

"ఎంత తీసుకుంటారేమిటి?"

"అబ్బే, ఏమీ వద్దు."

కుట్టుమిషన్ ముందు కూర్చుని నానారకాల మనుషుల్ని చూసిన అక్కకి, ఆ 'వద్దు' అన్న మాటే అన్నిటికన్నా అనుమానంగా తోచింది.

ఈలోగా చెల్లెలు బయటికొచ్చింది.

"దవడ నొప్పి సంగతి మీకెలా తెలుసు బాబాయ్? రండి, లోపలికి రండి!"

నీళ్ళలో మునిగి ఓడల అడుగున నాచు గీకే ఉద్యోగం. పోయినసారి పరీక్షలో సగంలోనే పైకి తేలింది చెల్లెలు. పనితనం నచ్చి ఇంకో అవకాశం ఇచ్చారు. రేపే ఆఖరు. రేపూ తేలిందంటే ఇక రావద్దన్నారు.

ఆయన మూలనున్న గాలి సిలిండర్‌కి రెగ్యులేటర్ బిగించి, చెల్లెలి వీపున తగిలించాడు.

"నోట్లో పెట్టుకో. ఇప్పుడు ఎడమకి చూడు."

చెల్లెలు తల తిప్పింది. గొట్టం బిగిసింది.

"చూశావా? గొట్టం పొట్టి. తల తిప్పినప్పుడల్లా నోట్లోంచి లాగేస్తోంది. జారిపోకుండా నువ్వు పళ్ళు బిగిస్తున్నావు. పైగా ఈ నోటిముక్క నీ నోటికి పెద్దది. ఇంక దవడ నొప్పి పుట్టక చస్తుందా?"

"మరి ఎలా బాబాయ్?"

"ఓపిక లేక పైకొస్తే అది వేరు. సామాను కుదరక పైకొస్తే ఎలా తల్లీ?"

సంచిలోంచి పొడవాటి గొట్టం, కొత్త నోటిముక్క తీశాడు. అక్క వైపు తిరిగాడు.

"కాసిని వేడినీళ్ళు కావాలమ్మా."

"ఎందుకు, స్నానానికా?"

"అక్కా!"

అక్క సణుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళు కాగినంతసేపూ చెవులు ముందు గదిలోనే పెట్టింది. గుసగుసలే గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

వేడినీళ్ళలో మెత్తబడ్డ నోటిముక్కని చెల్లెలు కొరికి పట్టుకుంది. చల్లారేసరికి పళ్ళ అచ్చు దిగింది.

"ఇక ఇది నీ ఒక్కదానికే. ఇంకొకరికి పనికిరాదు."

పొడవాటి గొట్టం బిగించి, గాలి తేలిగ్గా వచ్చేలా రెగ్యులేటర్ పక్కనున్న మరను కాస్త తిప్పాడు. "ఇప్పుడు పీల్చు. పళ్ళతో వేలాడదీయకు. పెదాలు మూసి ఉంచు, చాలు."

చెల్లెలి కళ్ళు పెద్దవయ్యాయి. నోట్లోంచి తీసి, "పీలుస్తున్నట్టే లేదక్కా!" అంది.

అక్క వినలేదు. ఆమె చూపంతా ఆయన చేతుల మీదే ఉంది.

ఆ చేతులు చెల్లెలి గొట్టాన్నీ, పాత నోటిముక్కనీ చుట్టి సంచిలో వేసుకున్నాయి.

దొరికావు!

చెల్లెలు సిలిండర్ దింపుకునేలోగా, అక్క ఆయన వెనకే గేటు దాకా వెళ్ళింది.

"ఆ సంచి తెరవండి."

"అవి అమ్మాయే..."

"తెరుస్తారా, వీధిలో వాళ్ళందరినీ పిలవనా?"

ఆయన తెరిచాడు. అక్క గొట్టాన్నీ నోటిముక్కనీ లాక్కుంది.

"తల్లీ, తల్లీ అంటూ మంచివి కాజేసి, ఏదో చెత్త తగిలించి పోదామనా? దాని ఊపిరితో ఆటలా మీకు? మళ్ళీ ఈ గుమ్మం తొక్కారో, మర్యాద దక్కదు."

ఆయన ఒక్కసారి ఇంటి వైపు చూశాడు. ఖాళీ సంచి మూసుకుని వెళ్ళిపోయాడు.

చెల్లెలితో ఆ సంగతి ఎత్తలేదు అక్క. ఎత్తితే, 'నీకు లోకమంతా దొంగలే' అని దెప్పుతుంది. "రేపు మాత్రం ఆ కొత్త గొట్టం వద్దే" అని చూసింది.

"పో అక్కా. పాతదాంతో దిగితే మళ్ళీ సగంలోనే తేలతాను" అని కొట్టిపారేసింది చెల్లెలు.

మర్నాడు అక్క చేతిలో ఏ కుట్టూ తిన్నగా పడలేదు. నీళ్ళలో ఆ గొట్టం పగిలితే? గాలి ఆగిపోతే? గేటు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడింది.

పొద్దు వాలకముందే చెల్లెలు పరుగున వచ్చి మెడ కావలించుకుంది.

"వచ్చిందక్కా ఉద్యోగం! చివరిదాకా ఉన్నాను. దవడ ఉన్న సంగతే తెలియలేదు!"

అక్క దాని తల నిమిరింది. హమ్మయ్య అనుకుంది.

"కానీ మనసేం బాగాలేదు. ఉన్నది ఒకటే ఉద్యోగమట. ఆఖరికి ఇద్దరం మిగిలాం. రెండో ఆయన అసలు నీళ్ళలోకే దిగలేదు."

"భయపడ్డాడా?"

"భయమా! ఆయన రెగ్యులేటర్‌కి గొట్టం లేదు, నోటిముక్క లేదు. ఎవరి సామాను వాళ్ళే తెచ్చుకోవాలని పంపించేశారు. నిన్న నా పాతవి అడిగి తీసుకున్నాడు కదా, అవేవి అంటే, 'ఎక్కడో పడేసుకున్నాను తల్లీ' అని నవ్వాడు."

అక్క కుట్టుమిషన్ ముందు నుంచి లేచింది.

"ఎవరే ఆయన?"

"ఇంకెవరు, తనవి నాకు బిగించి వెళ్ళిన బాబాయే" అని చెల్లెలు అంటూ ఉండగానే, అక్క నిన్న లాక్కున్న గొట్టాన్నీ నోటిముక్కనీ చేతపట్టుకుని, ఆయన్ని వెతుక్కుంటూ గడప దాటింది.