తోడేలు తల వంచింది

“తోడేలు తల గట్ల వంచినవేంది భిక్షపతీ?” ఫాదర్ ఇమ్మానుయేల్ కళ్ళజోడు సవరించుకున్నాడు.

“తప్పు దానిదే కద ఫాదర్. ముందుగాల అదే వంచాలె.”

పెద్ద గుడిలో కొత్త బలిపీఠానికి భూపాలపల్లి టేకు తెప్పించి, ముందు పలక మీద శాంతి బొమ్మలు చెక్కమన్నారు. పావురం, ఒలీవ కొమ్మ సులువుగానే వచ్చాయి. గొర్రెపిల్ల పక్కన పడుకున్న తోడేలు దగ్గరే వడ్రంగి భిక్షపతి ఉలి పదిరోజులు ఆగింది.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. తొమ్మిదేళ్ళ కిందట యాదమ్మ తన తమ్ముడి శవం మీద పడి ఏడుస్తుంటే, “తాగి సచ్చినోనికి గింత ఏడుపా?” అన్నాడు భిక్షపతి. అదీ పదిమందిలో. ఆ రోజు నుంచి ఆమె అతనితో మాట మానేసింది.

ఒక్క ఆదివారం తప్ప. గుడిలో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. నడుమ దారికి ఇటు చివర అతను, అటు చివర ఆమె. ఒకరికొకరు శాంతి చెప్పుకోమని ఫాదర్ అనగానే యాదమ్మ చేతులు జోడించి, అతని చొక్కా గుండీల వైపు చూస్తూ “శాంతి కలుగు గాక” అనేది. దేవుడి మాట కాబట్టి అనేది, అంతే. ఆ ఒక్క మాటతో భిక్షపతి వారమంతా గడిపేవాడు. ఇంటికి వెళ్తే పలకరించే గొంతు లేదు. గిన్నె మూత తనే తీసి, తనే వడ్డించుకుని తినేవాడు. ఒక్కోసారి తన దగ్గు తనకే వినిపించి ఉలిక్కిపడేవాడు. ఒంటరితనం అంత పాడుది.

“యాదమ్మకు నేను చెప్పనా?” అన్నాడు ఫాదర్.

“వద్దు ఫాదర్. మీరు చెప్తె మాట్లాడతది గని మనసుల ఉండది.”

“మరి నువ్వే తప్పయిందని అడగరాదూ?”

“నాకు నోరు రాదు. చెయ్యి ఒక్కటే వస్తది.”

బిషప్ గారు పీఠాన్ని ఆశీర్వదించే ఆదివారం యాదమ్మ అందరికంటే ముందే వచ్చింది. పలక ముందు ఆగింది. వంగి, తోడేలు మెడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయింది.

పూజ మొదలైనా ఆమె తిరిగి రాలేదు. శాంతి చెప్పుకునే వేళ దారికి అవతల బెంచీ చివర ఖాళీగా ఉంది. “శాంతి అన్నా,” అన్నాడు పక్కన కూర్చున్న కుమార్. భిక్షపతికి వినిపించలేదు. వారానికి దొరికే ఆ ఒక్క మాటా చేజేతులా పోగొట్టుకున్నాననిపించింది.

“అందరు మెచ్చుకుంటున్నరు. విందుకు ఉండు,” అన్నాడు ఫాదర్.

“ఆకలి లేదు ఫాదర్.”

ఎండలో నడుచుకుంటూ ఇల్లు చేరి, చెప్పులు విడిచి గడప మీద కూలబడ్డాడు.

“కాళ్ళు కడుక్కొని రా, బువ్వ పెడ్త,” అంది లోపలి నుంచి అతని భార్య యాదమ్మ.